కందిరీగల వరుసలో మూడు తేనెటీగలు

పెద్దనాన్న పోయాడని సుగుణక్క కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పెరుగన్నం తింటున్నాను. ఎప్పుడు అని అడిగాను. తెల్లవారుజామున అన్నాడు. సాయంత్రం తీసుకెళ్తారట, మాచర్ల నుంచి ఇప్పుడు బస్సెక్కితే చివరిచూపు దక్కుతుందట. సరే నాయనా అని ఫోను పక్కన పెట్టి, ఊరమిరపకాయ నంజుకుంటూ మిగతా అన్నం తిన్నాను. కంచం కడిగి బోర్లించాను. బస్టాండు మా ఇంటికి నడిచిపోయేంత దూరమే. వెళ్లలేదు. పెద్దకర్మకీ వెళ్లలేదు. ఆ రోజు షామియానా కింద మైకు పెట్టారనీ, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆయన క్రమశిక్షణ గురించీ, ముత్యాల్లాంటి చేతిరాత గురించీ, నల్లబల్ల మీద చెయ్యెత్తకుండా ఒకే గీతతో కప్ప బొమ్మ వేయడం గురించీ మాట్లాడారనీ తర్వాత తెలిసింది. అవన్నీ నిజమే. కప్ప బొమ్మ నేనూ చూశాను. నేను చెప్పేదీ నిజమే గాని అది మైకులో చెప్పే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి ఇట్లా రాయకూడదని మా ఇంట్లోవాళ్లు అంటారు. బతికున్నవాళ్లని ఆయన అనకూడని మాటలు చాలా అన్నాడు. అప్పటికి నాకు పదమూడేళ్లు.

మాది మాచవరం దగ్గర ఒక పల్లె. మెట్ట పొలం, మిరప, కంది, బావి కింద కాస్త వరి. మా ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోయేది. అమ్మకి అక్క అయిన మా పెద్దమ్మ నరసరావుపేటలో ఉండేది. పెద్దనాన్న అక్కడ హైస్కూల్లో సైన్సు మాష్టారు. ఆడపిల్లని రోజూ బస్సుల మీద తిప్పే కంటే వాళ్లింట్లో ఉంచితే నాలుగక్షరాలు వస్తాయని నాన్న నన్ను తీసుకెళ్లి దించాడు. దించి చేతులు దులుపుకోలేదు. నెలకోసారి ఎర్రబస్సు టాపు మీద బియ్యం బస్తా, కందిపప్పు మూట, కాలాన్ని బట్టి ఎండు మిరపకాయలు వేసుకుని వచ్చేవాడు. బస్టాండు నుంచి భుజాన మోసుకొచ్చి వంటింటి గుమ్మం పక్కన దించి, తుండుగుడ్డతో మెడ తుడుచుకుని, పిల్ల బాగా చదువుతున్నదా అన్నయ్యగారూ అని అడిగేవాడు. పెద్దనాన్న పేపరు దించకుండానే ఊఁ అనేవాడు. నాన్న హాల్లోకి రాకుండా అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగి, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, రెండు గంటల బస్సుకి వెళ్లిపోయేవాడు. ఆ ఇంట్లో ఆరు నెలలు ఉన్నాక గాని నాకు ఒక సంగతి తట్టలేదు. ఆ ఇంటిల్లిపాదీ తినే అన్నం మా బావి కింద పండిందే.

అంతా నాపరాళ్లు పరిచిన ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండల మీద పడుకుంటే వీపు చల్లగా ఉండేది. పొద్దున్నే పెద్దమ్మ దాలిలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేది. మధ్యాహ్నానికి ఆ పాలు ఎర్రగా కాగి, పొగా మీగడా కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకునేది. కారం దంచే రోజుల్లో మాత్రం ఆ వాసన కూడా ఆనేది కాదు. రోటి దగ్గర పెద్దమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని రోకలి వేస్తుంటే వీధిలో పోయేవాళ్లు కూడా తుమ్ముకుంటూ పోయేవాళ్లు. పెద్దనాన్నవి గడియారం లాంటి అలవాట్లు. కిటికీ చువ్వకి అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు. ఎర్రసిరా పెన్ను పట్టుకుని పేపరు చదివేవాడు. అచ్చుతప్పు కనిపిస్తే, ఆ పేపరువాళ్లు వచ్చి చూసుకుంటారన్నట్టు, సున్నా చుట్టి పక్కన సరైన అక్షరం రాసేవాడు. తోలు సంచిలో ఒక భూతద్దం ఉండేది. అన్నం తిన్నాక గంటసేపు నిద్రపోయేవాడు. ఆ గంటే నా కాలం.

రాత్రి భోజనాలు ఏడున్నరకి. ఆయన, సుగుణక్క పీటల మీద కూర్చుంటే పెద్దమ్మ వడ్డించేది, నేను మంచినీళ్లు, మజ్జిగ అందించేదాన్ని. సుగుణక్క వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నాకంటే రెండేళ్లు పెద్ద, నేను చేరేనాటికి తొమ్మిదో తరగతి. తను డాక్టరవుతుందని ఆయన అది పుట్టినప్పుడే నిర్ణయించేశాడు. అన్నం కలుపుతూ ప్రశ్న వేసేవాడు. కప్పకి గుండెలో గదులెన్ని, బొద్దింకకి కాళ్ల జతలెన్ని. అక్క తప్పు చెప్తే విస్తరి ముందు నుంచి లేపి బండ మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాడు. ఒకనాడు వాళ్ల స్కూలు లెక్కల మాష్టారు భోజనానికి వచ్చి, ఈ అమ్మాయెవరండీ అని నా గురించి అడిగాడు. పెద్దనాన్న ముద్ద మింగి, నవ్వుతూ, "మా ఇంటి పరాన్నభుక్కు" అన్నాడు. లెక్కల మాష్టారు మర్యాద కోసం నవ్వాడు. నా చేతిలో మజ్జిగ చెంబు ఉంది. ఆ మాట నాకు తెలియదు. మర్నాడు అక్క సైన్సు పుస్తకంలో వెతికాను. వేరే జీవి ఆహారం మీద పడి బతికే జీవి అని రాసి, కింద బద్దెపురుగు బొమ్మ, పేను బొమ్మ వేశారు.

ఆ తర్వాత కోటేశ్వరి అనేది పోయి అదే నా పేరైంది. పరాన్నభుక్కుని లేపండి, పరాన్నభుక్కుకి ఇంకొంచెం పులుసు పొయ్యండి. పెద్దమ్మ మొదట్లో ఒకసారి, ఊరుకోండి చిన్నపిల్ల అంది. తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది. ఒక నెల నాన్న బస్తా దించి నిలబడి ఉండగా ఆయన, ఇదిగో మీ పరాన్నభుక్కు వచ్చింది అన్నాడు. నాన్న ఐదో తరగతి వరకు చదివాడు. తన బిడ్డకి వీళ్లేదో ముద్దుపేరు పెట్టుకున్నారనుకుని సంతోషంగా నవ్వాడు. పెద్దనాన్న నన్ను అన్న మాటల్ని నేను ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోయేదాన్నేమో. నాన్న చేత నవ్వించిన ఆ నవ్వుని మాత్రం ఇవాళ్టికీ క్షమించలేదు.

పురుగుల గొడవ ఒక దెబ్బతో మొదలైంది. పెద్దమ్మకి పెరట్లో నాలుగు గులాబీ మొక్కలు ఉండేవి. వాటి ఆకుల అంచుల్ని ఎవరో గుండ్రంగా కత్తిరిస్తున్నారు, కత్తెరతో కోసినంత నున్నగా. ఇంట్లో అట్లాంటి పని చేసేదెవరని ఆలోచించాల్సిన పని ఆవిడకి లేకపోయింది. వీపు మీద ఒక్కటి వేసి, చేతులూరికే ఉండవే నీకు అంది. నేను కాదన్నా వినలేదు. సరే, ఎవరో పట్టుకుని చూపిస్తానని నాలుగు రోజులు మొక్కల దగ్గరే కాపలా కూర్చున్నాను. ఐదో రోజు దొంగ దొరికింది. ఒక తేనెటీగ. ఆకు అంచు మీద వాలి, గుండ్రంగా తిరుగుతూ దవడలతో కత్తిరించి, ఆ ముక్కని పొట్ట కింద చుట్టుకుని ఎగిరింది. దాని వెనకే పరిగెత్తాను. పెరట్లో ఒకప్పటి గొడ్లచావిడి కూలిపోగా మిగిలిన మట్టిగోడ ఉండేది, పిడకలు కొట్టేవాళ్లం దాని మీద. గోడలో పాత మేకుల బెజ్జాలు బోలెడు. ఆ ఈగ అట్లాంటి బెజ్జంలో దూరింది. పెద్దమ్మని పిలిచి చూపించాను. చూసింది. ఓహో అని లోపలికి వెళ్లిపోయింది. కొట్టిన దెబ్బ గురించి మాట లేదు. కాని ఆ గోడ నన్ను వదల్లేదు.

ఆ తేనెటీగ ఆకు ముక్కల్ని బెజ్జంలో పొట్లంలా చుట్టి, దాంట్లో పుప్పొడి ముద్ద పెట్టి, ముద్ద మీద గుడ్డు పెట్టి, ఆకుతోనే మూత వేసేది. పుప్పొడి తెచ్చేటప్పుడు పొట్ట కింద పసుపు పూసినట్టుండేది. ఆ గోడ చుట్టూ ఇంకొకటి తిరిగేది. నల్లగా, పొట్ట మీద తెల్లటి చారలతో, తోక దబ్బనంలా మొనదేలి ఉండేది. ఏ పనీ చేసేది కాదు. బెజ్జాల ముందు కిందుగా, మెల్లగా ఎగురుతూ, ఒక చోట వాలి కూర్చునేది. ఆకు ఈగ బయటికి వెళ్లగానే లోపలికి దూరి, క్షణాల్లో బయటికి వచ్చి పోయేది. పెద్దనాన్నకి చూపిస్తే దూరం నుంచే చూసి, "కందిరీగ. తోక చూడు. ముట్టుకున్నావో చేయి వాస్తుంది" అన్నాడు.

చేయి వాస్తుందేమోగాని నాకు నమ్మకం కుదరలేదు. కందిరీగలు ఆ ఇంట్లో కొత్త కాదు. బావి గిలక కింద కాగితం లాంటి గూడు పెట్టినవి ఉన్నాయి. కిటికీ మూలలో మట్టితో చిన్న కుండ లాంటి గూడు కట్టేదీ ఉంది. అవి వాలినప్పుడు రెక్కల్ని నిలువునా మడుచుకునేవి, చీర కుచ్చెళ్లలా సన్నగా. తోక మొన ఉన్నది రెక్కల్ని మడిచేది కాదు. అన్ని కందిరీగలూ రెక్కలు మడవవని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను గాని, అప్పుడు నాకు అదే మొదటి అనుమానం. కందిరీగలు పిల్లల కోసం మాంసం తెచ్చేవి, పచ్చటి గొంగళిపురుగులో, సాలీళ్లో. ఇది ఏమీ తెచ్చేది కాదు. తులసి పూల మీద వాలి తేనె తాగిపోయేది, అంతే. చచ్చి పడి ఉన్నదాన్ని ఒకదాన్ని తెచ్చి, మధ్యాహ్నం గంటలో భూతద్దం కింద పెట్టి, చీపురుపుల్ల తడిపి తెల్లచార మీద రుద్దాను. చార ఊడొచ్చింది. అది రంగు కాదు, వెంట్రుకలు. కందిరీగ పసుపుచార ఎంత రుద్దినా పోలేదు. సాయంత్రం వెలుగు తగ్గేవేళ పెరట్లో ఎండుగడ్డి పుల్లల్ని చూస్తే, ఆ తోక మొనవి దవడలతో పుల్లని కరిచిపట్టుకుని, కాళ్లు ముడుచుకుని, ఒళ్లంతా గాలిలో వేలాడేసి నిద్రపోతుండేవి. సొంతగూడు లేదు వాటికి.

గోడలో పిడక ఊడిన చోట ఒక బెజ్జం పగిలింది. దాంట్లోంచి ఐదు ఆకు పొట్లాలు తీసి, అగ్గిపెట్టెలో పెట్టి, ఎవరూ చూడరని సుగుణక్క పుస్తకాల వెనక దాచాను. నెల దాటింది. ఒక మధ్యాహ్నం తెరిచి చూస్తే మూడు పొట్లాలు చిల్లుపడి, లోపల రెండు ఆకు ఈగలు, ఒక తోక మొనది ఉన్నాయి. అది ఆకు పొట్లంలో పుట్టింది. వేరొకరు పిల్ల కోసం దాచిన పుప్పొడి తిని పెరిగింది. మాంసం ముట్టకుండా పుప్పొడి మీద పెరిగేది కందిరీగ కాదు, తేనెటీగే. కూడు మాత్రం కష్టపడి తెచ్చుకోని తేనెటీగ. పరుగున వెళ్లి నిద్ర లేచిన పెద్దనాన్న ముందు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆయన నేను చెప్పేది సగం కూడా వినకుండా, అది అక్కడ పెట్టి కాఫీ పట్టుకురా అన్నాడు. ఆయనకి తెలుసుకునే అవకాశం ఉండింది. అది నేను ఇచ్చాను. ఈ మాట గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను.

అప్పటికి నా దగ్గర ఒక పెట్టె తయారైంది. పాత చీరల అట్టపెట్టెలో జీలుగు బెండు పరిచి, కుట్టుపని చేసేవాళ్ల గుండుసూదులతో పురుగుల్ని గుచ్చి, మూలల్లో నాఫ్తలీన్ ఉండలు పెట్టాను. తేనెటీగలు, కందిరీగలు, తూనీగలు, పేడపురుగులు, అరవై దాకా ఉంటాయి. ఒక్కొక్కదాని కింద పెన్సిలుతో పేరు, దొరికిన చోటు. చలికాలంలో ఊళ్లోని స్కూళ్లన్నిటికీ కలిపి సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. నా పెట్టె ఇస్తానని మా టీచరుకి చెప్పి వచ్చాను. ఆ సాయంత్రం పెద్దనాన్న దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. బాగుందని కూడా అన్నాడు. ఆ తర్వాత, ఇది సుగుణ పేరు మీద పోతుందన్నాడు. అది పదో తరగతి, పై చదువుకి పనికొస్తుంది, నీకెందుకు, మా పెరట్లో పట్టిన పురుగులే గదా. పెద్దమ్మ వంటింట్లోంచి, అక్కే గదే, పరాయిదా అంది. సుగుణక్క పుస్తకంలోకి తల వంచుకుని కూర్చుంది.

మర్నాడు ఆదివారం. ఆయన నా పెన్సిలు చీటీలన్నీ గిల్లి పారేసి, తెల్ల అట్టముక్కల మీద నల్లసిరాతో కొత్త పేర్లు రాయడం మొదలుపెట్టాడు. చేతిరాత నిజంగా ముత్యాలే. నేను జిగురుసీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను. తేనెటీగల వరుసలో నేను గుచ్చిన మూడు తోక మొన ఈగల్ని చూసి, ఛీ ఇవిక్కడున్నయ్యేంది అని, సూదులతో సహా లేపి కందిరీగల వరుసలో గుచ్చాడు. కింద 'కందిరీగ, మూడవ రకం' అని రాసి నా వైపు చెయ్యి చాపాడు. జిగురు అద్ది ఇచ్చాను. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. అద్దిన చీటీని ఆయన బొటనవేలితో నొక్కుతుంటే నాకు లోపల ఎంత హాయిగా ఉందో ఇప్పుడు రాయాలన్నా మాటలు చాలడం లేదు. ఆ రాత్రి, పరాన్నభుక్కుకి ఇంకో గరిటె వెయ్యమని ఆయన అంటే ఎప్పుడూ లేనిది రెండోసారి కూడా అడిగి తిన్నాను.

ఎగ్జిబిషన్ ఆయన పనిచేసే స్కూలు హాల్లోనే. సుగుణక్క కొత్త పరికిణీ, ఓణీ వేసుకుని పెట్టె వెనక నిలబడింది. పెద్దనాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని పక్కనే ఉన్నాడు. నాకు నీళ్ల బిందె, గ్లాసు అప్పజెప్పారు. పదిన్నరకి బహుమతులు నిర్ణయించేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక ముసలాయన వ్యవసాయ కళాశాలలో పురుగుల గురించి పాఠాలు చెప్పేవాడట. మెడలో నల్లతాడుకి చిన్న భూతద్దం వేలాడుతోంది. మిగతా బల్లల దగ్గర నిలబడకుండా నడిచినవాడు మా పెట్టె దగ్గర ఆగిపోయాడు. వంగి ఒక్కో వరుసా చూశాడు. మొహం విప్పారింది. కందిరీగల వరుస దగ్గరికి వచ్చేసరికి అద్దం కంటికి పెట్టుకున్నాడు. ఈ మూడిటినీ ఎవరు గుర్తుపట్టారమ్మా అని అక్కని అడిగాడు.

"మా నాన్నగారండీ. పేర్లన్నీ ఆయనే రాశారు" అంది సుగుణక్క.

పెద్దనాన్న ముందుకొచ్చి, అవునండి కందిరీగలే, ఆ తోక చూడండి, ఇరవై ఏళ్లుగా పిల్లలకి చెప్తున్నా అన్నాడు. ముసలాయన వాదించలేదు. మెడలో అద్దం తీసి చేతికిచ్చి, కంటి మీద వెంట్రుకలు ఉన్నాయేమో చూసి చెప్పండి మాష్టారూ అన్నాడు. పెద్దనాన్న వంగాడు. హెడ్మాష్టరు వచ్చాడు, లెక్కల మాష్టారు వచ్చాడు, పిల్లలు మూగారు. ఆయన ఎంతకీ లేవడు. లేచాక అద్దం తిరిగిచ్చేసి, ఉన్నట్టున్నయ్ అన్నాడు చిన్నగా. అప్పుడు ముసలాయన పిల్లల వైపు తిరిగి, దీన్ని బతికుండగా చూసినవాళ్లు ఉన్నారా అని అడిగాడు. నేను బిందె కింద పెట్టి చెయ్యెత్తాను.

అన్నీ చెప్పాను. రెక్కలు మడవని సంగతి, రుద్దితే ఊడొచ్చే చారల సంగతి, పుల్లని కరిచిపట్టి నిద్రపోయే సంగతి, అగ్గిపెట్టెలో ఆకు పొట్లం సంగతి. ముసలాయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. పెట్టె ఎవరిదో ఆయనకి అప్పటికే అర్థమై ఉంటుంది. మరి సొంతంగా పుప్పొడి తెచ్చుకోకుండా వేరేవాళ్ల కూడు తినేదాన్ని ఏమంటారో తెలుసా అని అడిగాడు. ఆయన మంచిమనసుతోనే అడిగాడు. ఆ ప్రశ్న కోసం నేను ఏడాది పైగా కాచుక్కూర్చున్నానని ఆయనకి తెలియదు.

"పరాన్నభుక్కండీ. ఆ మాట మా పెద్దనాన్నగారే నేర్పారు. మా నాన్న మోసుకొచ్చిన బియ్యం తింటూ రోజూ నన్ను అదే పేరుతో పిలుస్తారు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. లెక్కల మాష్టారు తల దించుకున్నాడు. పెద్దనాన్న మెడ కింది నుంచి పైకి ఎరుపెక్కడం, మా పొలంలో మిరపకాయ పండటం రోజుల తరబడి చూసినట్టు, నిదానంగా చూశాను. ఆ మొహం నాకు ఇప్పటికీ కావలసినప్పుడల్లా కనిపిస్తుంది. కష్టకాలాల్లో కావాలని తలుచుకున్న రోజులున్నాయి.

ఇంటికి వెళ్లాక ఆయన చెయ్యెత్తలేదు. పెట్టె తీసుకెళ్లి దాలిలో పెట్టాడు. బెండు, అట్ట, నాఫ్తలీను కాలిన కంపు పాలకి పట్టి ఆ రోజు పాలన్నీ పారబోశారు. నాన్నకి కార్డు వెళ్లింది. నాన్న ఈసారి వట్టి చేతులతో వచ్చాడు. అరుగు కింద నిలబెట్టి పెద్దనాన్న ఏమేమన్నాడో లోపలున్న నాకు సరిగా వినపడలేదు. నాన్న రెండు చేతులూ జోడించి నిలబడటం మాత్రం కిటికీలోంచి కనిపించింది. బస్సులో చాలా దూరం వచ్చాక, ఏం మాటన్నావే ఆయన్ని అన్నాడు నాన్న. చెప్పాను. ఆ మాటకి అర్థం కూడా చెప్పాను, బద్దెపురుగు బొమ్మతో సహా. పిడుగురాళ్ల వచ్చేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. బస్సు ఆగాక, నా వైపు తిరగకుండానే, "ఆ బియ్యం మనయ్యే గదమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంటికి ఆయన ఒక్క గింజ కూడా మోయలేదు.

ఊరికే పోలేదు ఆ పగ. ఏడాదిన్నర బడి లేక మిరప కోతలకి పోయాను. సాయంత్రానికి చేతులు మండి, నీళ్లలో పెట్టినా నిద్రపట్టేది కాదు. గురజాలలో హాస్టల్లో సీటు దొరికే దాకా నా చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. అయినా ఆ పొలంలో ఒక్కరోజు కూడా నోరు మూసుకుని ఉండాల్సింది అనుకోలేదు. తర్వాత జంతుశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లు మాచర్లలో పిల్లలకి పాఠం చెప్పాను. ఎవరికీ మారుపేరు పెట్టలేదు. ఇప్పుడు నా పాత విద్యార్థులు ఫోన్లో ఫొటోలు పంపి, మేడం ఇది కందిరీగేనా అని అడుగుతారు. అడిగేలోపే ఫోనే వాళ్లకి జవాబు చెప్పేస్తుంది, చాలాసార్లు సరిగానే. మట్టిగోడలు పోయాయి. మా వీధిలో ఆకు ఈగలు ఏసీ గొట్టం పక్కన వదిలేసిన బెజ్జంలో కాపురం పెడుతున్నాయి, వాటి వెనకే తోక మొనదీ తిరుగుతుంది. ఆ రోజుల్లో ఇట్లాంటి ఫోనుంటే పెద్దనాన్న సరైన పేరే రాసి ఉండేవాడు. ఆ పెట్టె అక్క పేరు మీద బహుమతి కొట్టి ఉండేది. నేను నీళ్ల గ్లాసు అందిస్తూనే ఉండేదాన్ని.

నాకు మిగిలిన బాధల్లా ఒకటే, సుగుణక్క. ఆ హాల్లో తల వంచుకుని నిలబడ్డ అక్క. ఆయన కోసం విసిరిన రాయి దానికి తగిలిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ తర్వాత తనకి సైన్సు మాన్పించి టైపు నేర్పించారని తెలిసి ఇంకా కుమిలిపోయాను. కోర్టులో టైపిస్టుగా చేరి, పెద్ద ఉద్యోగంలో రిటైరైంది. పెద్దమ్మ పోయాక మంచం పట్టిన తండ్రికి రెండేళ్లు తనే చేసింది. పోయిన నెల మాచర్లలో ఏదో పెళ్లికి వచ్చి, చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. చివరిచూపుకి రాలేదేమే అని అడగలేదు. టీ తాగుతూ కూర్చున్నాం. ఎన్నేళ్లనుంచో మోస్తున్న మాట చెప్పేద్దామని, ఆ రోజు నీ గురించి ఆలోచించలేదక్కా, నన్ను క్షమించు అన్నాను.

అక్క గ్లాసు కింద పెట్టింది. "నాకు తెలవదనుకున్నావా?" అంది.

అగ్గిపెట్టె తన పుస్తకాల వెనకే గదా పెట్టాను. చదువుకుంటుంటే లోపల గీరుతున్న చప్పుడైందట. తెరిచి చూస్తే, ఆకు పొట్లంలోంచి తోక మొనది బయటికి వస్తూ ఉందట. పూర్తిగా వచ్చే దాకా చూసి, మూసి, నాకంటే ముందు చూసినట్టు తెలియకుండా ఎక్కడిదక్కడ పెట్టేసిందట.

"మరి ఆయన చీటీలు రాస్తుంటే చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" అంది అక్క.

తనకి రక్తం చూస్తే కళ్లు తిరిగేవట. డాక్టరు చదువు వద్దని రెండుసార్లు చెప్పి, రెండుసార్లూ మోకాళ్ల మీద కూర్చుందట. ఆ ముసలాయన ఎవరు గుర్తుపట్టారమ్మా అని అడిగినప్పుడు ఆయన అద్దం పట్టుకున్న తీరులోనే తప్పేదో దొరికిందని తెలిసిపోయిందట. తెలియదండీ అంటే పోయేది. కావాలనే తండ్రి పేరు చెప్పిందట. "ఆ మర్నాడు నాన్నే వచ్చి సైన్సు పుస్తకాలు తీసేశాడు, ఇంక నన్ను ప్రశ్న అడిగితే ఒట్టు" అంది అక్క. వింటుంటే ఆ రోజు దాని గొంతు గుర్తొచ్చింది. భయపడుతూ సన్నగా అన్నట్టే ఇన్నాళ్లూ నా చెవిలో ఉండిపోయింది. కాదు. హెడ్మాష్టరు గది దాకా వినపడేట్టు అంది. నాకు మొదట సంతోషం వేయలేదు, కుళ్లు పుట్టింది. ఇన్నేళ్లూ ఆ పని మొత్తం నాదే అనుకుని బతికాను.

"ఈ సంగతి ఆయనకి ఎప్పుడన్నా చెప్పావా?" అని అడిగాను.

"చెప్పలా. రోజూ అన్నం కలిపి పెట్టేది నేను గదా, చెప్తే ఎట్టా మింగుతాడు? నీ మీదికే పోనిచ్చా. నీ పెట్టె మీద నా పేరేశాడు, నేను చేసినదానికి నీ పేరు పెట్టుకున్నాడు" అంది.

చివర్లో నన్ను తలిచాడా అని అడిగాను. పోవడానికి నాలుగు రోజుల ముందు, కూతుర్ని కూడా గుర్తుపట్టలేని స్థితిలో, వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి తన చెయ్యి పట్టుకున్నాడట.

"కోటేశ్వరి వచ్చిందేమో చూడు, తలుపు తియ్యమాక, అన్నాడే" అంది.

"భయపడ్డాడా?"

"భయపడ్డాడు. చెయ్యి వదల్లా చానాసేపు."

ఇంకోసారి చెప్పు అక్కా అన్నాను. అక్క నా మొహంలోకి చూసింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.